చెట్టు తన విషాన్ని ఎక్కడ దాచుకుంటది?



ఈసారి పోస్టు జీతాల గురించి కాదు, వీసాల గురించి కాదు. చెట్లు, పురుగుల గురించి. నవ్వకండి. ఒమాన్‌లో బాతినా వైపు ఖర్జూరం మజ్రాలో పనిచేసే మేము నలుగురం కలిసి రాస్తున్నం. ఇద్దరిది జగిత్యాల దిక్కు, ఒకరిది నిజామాబాద్, ఒకరిది సిరిసిల్ల. ఊర్లో పత్తి, మక్క, పసుపు పండించినోళ్లమే. అక్కడ పురుగుతో కొట్లాడినం, విమానమెక్కి వచ్చి ఇక్కడ కూడా పురుగుతోనే కొట్లాడుతున్నం. మజ్రాలల్ల, గార్డెన్ పనిలో, మందు కొట్టే పనిలో ఉన్నోళ్లకు ఇది పనికొస్తది. కన్‌స్ట్రక్షన్‌ల, డ్రైవింగ్‌ల ఉన్నోళ్లు కూడా చివరిదాక చదవండి. చివర్ల రూము సంగతి ఉన్నది, అది ప్రాణానికి సంబంధించింది.

ముందుగాల చెట్టు సంగతి. చెట్టుకు కాళ్లు లేవు. మేకొచ్చినా, మిడతొచ్చినా ఉన్నకాడనే నిలబడి తట్టుకోవాలె. అందుకే చెట్లు తమ మందులు తమ ఒంట్లోనే తయారు చేసుకుంటయి. మనం పొద్దున తాగే చాయ్‌లో కెఫిన్, బీడీ పొగాకులో నికోటిన్, వేపాకు చేదు, ఇవేవీ మన కోసం పుట్టినయి కావు. ఆకు కొరికే పురుగును తరమడానికి పుట్టినయి. మనం నడుమల వచ్చి వాడుకుంటున్నం, అంతే.

ఊర్లో పశువులు కాసినోళ్లకు జొన్న సంగతి ఎరికే. వానల్లేక వాడిన లేత జొన్న గానీ, కోసినంక వచ్చిన పిలకలు గానీ మేస్తే బర్రె కిందపడి కొట్టుకుంటది, ఒక్కోసారి గంటల్నే పోతది. అది సైనైడ్. మరి అంత విషం కడుపులో పెట్టుకొని జొన్న మొక్క ఎట్ల బతుకుతది? ఉపాయం ఏమిటంటే, జొన్న ఆకులో విషం తయారుగ ఉండదు. ధురిన్ అనే పదార్థం ఒక అరలో ఉంటది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటది. నడుమ గోడ. పురుగో పశువో నమిలినప్పుడు ఆ గోడ పగిలి రెండూ కలుస్తయి, అప్పుడు సైనైడ్ పుడతది. నమిలినోనికి దెబ్బ, మొక్క మాత్రం క్షేమం. ఈ రెండు అరల ముచ్చట యాది పెట్టుకోండి, తర్వాత అవసరం పడతది.

శనగ ఇంకో రకం. పొద్దున మంచులో శనగ చేనులో నడిస్తే కాళ్లు చురచుర మండుతయి, వేలు నాకితే పుల్లగ ఉంటది. ఆకు మీద ఉండే సన్నటి నూగు నుంచి ఆమ్లం కారుతుంటది, ఆ పులుపు అదే. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1990ల్లో దీని మీద పరిశోధన చేసిన్రు. ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువున్న శనగ రకాల మీద పచ్చపురుగు పిల్లలు సరిగ్గ ఎదగలేదని తేలింది. పురుగు చావలేదు, కానీ ఎదుగుదల మందగించింది. చెట్టుకు చాలాసార్లు అంతే కావాలె. పురుగు నిదానమైతే పక్షికి, కందిరీగకు దొరుకుతది.

మరి పురుగు ఊకుంటదా? ఊకోదు. ఇక్కడ రోడ్డు పక్కన, వాదీల్లో ఎక్కడ చూసినా జిల్లేడు కనిపిస్తది, మన ఊరి జిల్లేడుకు చుట్టమే. తుంచితే తెల్లటి పాలు కారుతయి. ఆ పాలు బంకలాగ పురుగు నోరును అతికిస్తయి, పైగా గుండెను పట్టే విషం. మేకలు కూడా దాని జోలికి పెద్దగ పోవు. అయినా ఆ ఆకు మీద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు హాయిగ తింటుంటది. నారింజ రంగు రెక్కలు, అంచుకు నల్ల రంగు మీద తెల్ల చుక్కలు ఉండే సీతాకోకచిలుక పిల్ల అది. మన దగ్గర ఉన్నదే ఇక్కడా ఉన్నది. అది ముందుగాల ఆకు ఈనెను కొరికి పాలు రాకుండ చేస్తది, తర్వాత కోతకు అవతలి భాగం తింటది. పాల విషాన్ని ఒంట్లో దాచుకొని, దాన్ని మింగిన పక్షి కక్కేటట్టు చేస్తది. చెట్టు తాళం వేస్తే పురుగు ఇంకో చెవి చేయించుకున్నట్టు. ఈ పోటీ ఎప్పటికీ ఒడవదు.

చెట్టు దగ్గర ఉన్న ఇంకో ఉపాయం మక్కలో చూడొచ్చు. ఒక్కతే కొట్లాడలేనప్పుడు మంది సాయం పిలుస్తది. 1990లో అమెరికాలో శాస్త్రవేత్తలు చూపించిన్రు: లద్దె పురుగు కొరికిన మక్క మొక్క ఒక రకమైన వాసన విడుస్తది. ఆ వాసన పట్టుకొని చిన్న కందిరీగలు వస్తయి, వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతయి. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు పురుగును లోపలి నుంచి తినేస్తయి. విచిత్రం ఏమిటంటే, బ్లేడుతో ఆకు కోస్తే అంత వాసన రాదు. పురుగు ఉమ్మి తగిలితేనే వస్తది. ఆ ఉమ్మిలో ఉన్న పదార్థాన్ని 1997లో కనుక్కున్నరు. అంటే మక్క మొక్క తనను కొరికినోడు ఎవడో ఉమ్మిని బట్టి గుర్తుపడతది. ఊర్లో మనం పురుగు కనపడంగనే కొట్టే ఘాటు మందు ఆ కందిరీగలను కూడా చంపుతది. మొక్క పిలుస్తుంటది, వచ్చేటోడు ఉండడు.

వేప సంగతి వేరే. హెన్రిచ్ ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1959లో సూడాన్‌లో మిడతల దండు చూసిండు. దండు వాలిన కాడ చెట్లన్నీ మోడులైనయి, వేప చెట్లు మాత్రం పచ్చగనే ఉన్నయి. వేపలో ముఖ్యమైన పదార్థం పేరు అజాడిరాక్టిన్. ల్యాబ్‌లో దాన్ని తయారు చేయడానికి ఇంగ్లండ్ శాస్త్రవేత్తలకు 22 ఏండ్లు పట్టింది, 2007లో పూర్తయింది. చెట్టేమో ఏ సప్పుడు లేకుండ ఏటేటా చేసుకుంటనే ఉన్నది. వేప మందు పురుగును అక్కడికక్కడ పడేయదు. తినబుద్ధి కాకుండ చేస్తది, పొర విడిచి పెద్దగ కాకుండ ఆపుతది. పైగా వేపలో అదొక్కటే కాదు, అట్లాంటి చేదు పదార్థాలు వందకు పైగ ఉన్నయి. పురుగు ఒకదాన్ని అలవాటు చేసుకున్నా మిగిలినయి ఉంటయి.

మిడతలంటే ఎడారి ముచ్చట, మనకెందుకు అనుకోకండి. 2018లో మేలో మెకును, అక్టోబర్‌లో లుబాన్ తుపాన్లు ఒమాన్, యెమెన్ దిక్కు కొట్టినయి. ఎడారి నడుమ నీళ్లు నిలిచి, గడ్డి మొలిచి, అక్కడ ఎవరి కంటా పడకుండ మిడతలు పెరిగినయి. వాటి సంతానమే ఆఫ్రికా దిక్కు, ఇరాన్, పాకిస్తాన్ దిక్కు పాకింది. 2020లో రాజస్థాన్ దాటి మహారాష్ట్ర దాక వస్తే మన ఆదిలాబాద్, నిజామాబాద్ దిక్కు అధికారులు అలర్ట్ చేసిన్రు. ఇక్కడ పడిన వానకు అక్కడ మన చేను భయపడ్డది.

అట్లని వేపను దేవుణ్ని చేయనక్కర లేదు. 2021లో తెలంగాణలో వేప చెట్ల కొమ్మలు చివరల నుంచి ఎండిపోయినయి, యాదికి ఉన్నదా? ఇంటికి ఫోన్ చేస్తే అందరూ ఆ ముచ్చటే చెప్పిన్రు, ఏదో కీడు అని భయపడ్డరు. అది కీడు కాదు. ఒక బూజు తెగులు, దానికి తోడు రసం పీల్చే టీ దోమ అనే పురుగు. వేపకు కూడా దాని పురుగు దానికి ఉన్నది. కానీ చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగురు వేసినయి.

ఇప్పుడు పత్తి. ఇది మనందరికీ తగిలిన దెబ్బ. పత్తి మొక్కకు సొంత ఆయుధాలు చాలానే ఉన్నయి. ఆకు మీద కనిపించే నల్లటి చుక్కలు గాసిపాల్ అనే విషం తిత్తులు. ఆకు వెనక నడి ఈనె మీద తేనె చుక్క ఉంటది, దానికి చీమలు, కందిరీగలు వస్తయి, వచ్చి పురుగులను పట్టుకపోతయి. ఇవన్నీ పచ్చపురుగుకు సరిపోలేదు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఒక బ్యాక్టీరియాలోని విషం తయారుచేసే గుణాన్ని విత్తనంలో పెట్టిన్రు. మొదట్ల మందుల ఖర్చు తగ్గింది నిజమే. కానీ ఎకరాలకు ఎకరాలు, ఏండ్లకు ఏండ్లు ఒకటే ఆయుధం. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు ఆ మొదటి బీటీని తట్టుకున్నదని 2010 నాటికి బయటపడ్డది. అప్పటికే రెండు విషాలు పెట్టిన విత్తనం వచ్చి ఉన్నది, తర్వాత దాన్ని కూడా తట్టుకున్నది.

విత్తన ప్యాకెట్‌తో బీటీ లేని గింజల చిన్న సంచి ఇచ్చేది, గుర్తుందా? చేను చుట్టూ వేయమని. ఎందుకో ఊర్లల్ల సక్కగ చెప్పినోళ్లు తక్కువ. ఆ మామూలు పత్తి మీద బతికిన పురుగులు, విషం తట్టుకున్న పురుగులతో జత కడితే పుట్టే పిల్లలు మళ్లీ విషానికి లొంగుతయి. అంటే కొంచెం పంట పురుగుకు వదిలిపెడితే మిగిలిన పంట నిలబడతది. అప్పు తెచ్చి రెండెకరాలు వేసినోనికి పురుగు కోసం నాలుగు సాళ్లు వదలమని చెప్పాల్నంటే, ఎందుకో కూడా చెప్పాలె కదా. చెప్పలేదు. మాలో ఇద్దరికి గల్ఫ్ తొవ్వ చూపించింది ఆ గులాబీ పురుగే. ఏజెంటు దగ్గర కట్టిన పైసలల్ల పత్తి అప్పు కూడా కలిసే ఉన్నది.

ఇక మా అన్నం ముద్ద, ఖర్జూరం. మన ఈత చెట్టుకు దగ్గరి చుట్టం ఇది. మాలో ఒకరి ఇంట్ల తాతల కాడి నుంచి కల్లు గీత. మోకు కట్టి ఈత ఎక్కిన కాళ్లకు ఇక్కడి ఖర్జూరం కొత్త అనిపించలేదు. ఖర్జూరానికి మట్ట మొదట్ల సూదుల్లాంటి ముళ్లు, చుట్టూ పీచు, గట్టి మొద్దు. పశువుకు, ఎండకు తట్టుకుంటది. కానీ దీనికి ఒక బలహీనత ఉన్నది. మామిడి, వేపల లెక్క దీని బెరడు గాయాన్ని మూసుకోలేదు. కొమ్మలు కూడా లేవు, పైన ఉన్న మొవ్వు ఒక్కటే దిక్కు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే.

ఆ బలహీనత పట్టుకున్నది ఎర్రముక్కు పురుగు, ఇక్కడోళ్లు సూసా అంటరు. ఇది ఇక్కడి పురుగు కాదు. దక్షిణ, ఆగ్నేయ ఆసియా దిక్కుది, మన కొబ్బరి తోటల్లో పాతదే. 1985లో యూఏఈలో మొదటిసారి కనిపించింది, 1987లో సౌదీలో, 1993లో ఒమాన్‌లో. రెక్కలతో కొంత పోయింది గానీ, ఎక్కువ దూరం పోయింది మాత్రం నాటడానికి తీసుకపోయే పిలకల్లో కూర్చొని. మాలో పెద్దన్న నవ్వుకుంట అంటడు: "మనకన్నా ముందే వచ్చింది, వీసా లేదు, బతాకా లేదు, పట్టుకునేటోడు లేడు."

ఆడపురుగు రెండు మూడు వందల గుడ్లు పెడతది. పొడుగు ముక్కుతో మెత్తటి చోటు తొలిచి పెడతది. పొదిగి వచ్చిన కాళ్లు లేని తెల్ల పురుగు మొద్దు లోపల తింటనే తిరుగుతది, చెట్టు పీచుతోనే గూడు కట్టుకుంటది. గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేదాక మూడు, నాలుగు నెలలు లోపలే ఉంటది. బయటికి చెట్టు పచ్చగనే కనిపిస్తది. మట్ట వాలినంక చూస్తే లోపల గుల్ల. అందుకే మేము మొద్దును మొదట్ల నుంచి చూసుకుంట పోతం: పులిసిన వాసన ఉన్నదా, గోధుమ రంగు జిగురు కారుతున్నదా, నమిలి పారేసిన పీచు రాలుతున్నదా. బాగా పట్టిన చెట్టుకు చెవి ఆనిస్తే పురుగు నమిలే సప్పుడు కూడా వినిపిస్తది.

అసలు ముచ్చట ఏమిటంటే, ఆ పురుగుకు తలుపు తీసేది చాలాసార్లు కత్తి. పిలక వేరు చేసినప్పుడు, మట్టలు నరికినప్పుడు పడ్డ పచ్చి గాయం వాసన దానికి పిలుపు. మక్క వాసనకు కందిరీగ వస్తది, ఖర్జూరం గాయం వాసనకు శత్రువే వస్తది. ఒక మగపురుగు చేరితే అది ఇంకో వాసన విడిచి మిగిలిన వాటిని పిలుస్తది. శాస్త్రవేత్తలు 1993లో ఆ వాసనను పట్టుకున్నరు. మజ్రాల్లో వేలాడే, నేల మీద పెట్టే బకెట్లు చూసే ఉంటరు. లోపల ఆ వాసన గొట్టం, నానబెట్టిన ఖర్జూరాలు, నీళ్లు ఉంటయి. పురుగు పిలుపును పురుగు మీదికే తిప్పిన్రు.

మజ్రాల పనిచేసేటోళ్లకు మేము నేర్చుకున్నయి నాలుగు మాటలు. పచ్చి మట్టలు, పిలకలు కోసే పని చలికాలంలో పెట్టుకోమని అర్బాబ్‌కు చెప్పండి, అప్పుడు పురుగు తిరుగుడు తక్కువ. కోసిన గాయానికి అదే రోజు మందు పూయండి, రేపు అనకండి. ఎక్కడి నుంచో వచ్చిన పిలకను చూడకుండ నాటకండి. పడిపోయిన మొద్దును మూలకు దొర్లించి వదలకండి, అందులో వందల పురుగులు బతుకుతుంటయి, ముక్కలు చేసి తగలబెట్టాల్సిందే. బకెట్‌లో నీళ్లు ఎండిపోతే అది పట్టదు, పైగా చుట్టుపక్కల పురుగులను మీ చెట్ల కాడికే పిలిచినట్టయితది.

ఇప్పుడు రూము సంగతి. అందరూ చదవండి.

సూసా పట్టిన చెట్టుకు కొన్ని మజ్రాల్లో మొద్దుకు బెజ్జం పెట్టి అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు వేసి మూస్తరు. గోదాముల్లో ధాన్యానికి పెట్టేయి కూడా ఇవే. గాలిలోని తడి తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే గ్యాస్ వస్తది. చెట్టు లోపల మూసిన బెజ్జంలో అది పురుగును చంపుతది. రూములో అయితే మనిషిని చంపుతది.

పోయిన ఏడాది మా పక్క క్యాంపులో ఉండే తమ్ముడు ఒకడు నల్లుల బాధకు నిద్ర లేక మా దగ్గరికి వచ్చి, "అన్నా, మీ కాడ చెట్లకు వేసే గోలీలు ఉంటయట కదా, రెండు ఇయ్యుండ్రి, మంచం కింద పెడత" అన్నడు. ఒంటి నిండ దద్దుర్లు. మాకు పాపం అనిపించింది, అయినా ఇయ్యలేదు. పెద్దన్న వాన్ని కూసోబెట్టి జొన్న సంగతి చెప్పిండు. "తమ్మీ, జొన్నకు మెదడు లేదు. అయినా విషాన్ని ఒక అరలో, దాన్ని లేపేదాన్ని ఇంకో అరలో పెట్టుకున్నది. నువ్వేమో లేచిన విషంతో ఒకటే అరలో పండుకుంటనంటున్నవ్." వాడు ఇంకేం మాట్లాడలేదు.

ఈ గ్యాస్‌కు విరుగుడు మందు లేదు. గోడ పగుళ్లలో నుంచి, ఏసీ సందుల్లో నుంచి పక్క రూముకు పోతది. పక్క ఫ్లాట్‌లో ఎవరో పెట్టిన గోలీలకు నిద్రలోనే పిల్లలు పోయిన వార్తలు గల్ఫ్‌లో ఒకటి కాదు, కొన్ని వచ్చినయి. ఎల్లిగడ్డలాంటి, కుళ్లిన చేపలాంటి వాసన వచ్చి తల తిరిగితే, వాంతి అయితే ఏం చూడకుండ అందరినీ లేపి బయటికి పోండి, అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. మందు డబ్బాలు, మందు కొట్టిన బట్టలు రూముకు తేకండి. మజ్రాలో ఒక అర, రూములో ఒక అర. నడుమ గోడ ఉండాలె.

మరి నల్లులకు ఏం చేయాలె అంటరా? దుకాణంలో దొరికే స్ప్రేల వెనక కూడా ఒక పువ్వు ఉన్నది. చామంతి జాతి పువ్వు ఒకటి పురుగులను ఆపడానికి తయారు చేసుకున్న పదార్థాన్ని చూసి, దాని లెక్కన మనుషులు ఆ మందులు చేసిన్రు. ఏండ్ల తరబడి అదే కొట్టి కొట్టి చాలా చోట్ల నల్లులు తట్టుకున్నయి, మన గులాబీ పురుగు లెక్కనే. కానీ 50 డిగ్రీలు దాటిన వేడిని నల్లి తట్టుకోదు, గుడ్డు కూడా తట్టుకోదు. దుప్పట్లు, బట్టలు బాగా వేడి నీళ్లలో ఉతకండి, డ్రయ్యర్ ఉంటే వేయండి. ఇనుప మంచం అతుకుల్లో, స్క్రూల కాడ మరిగిన నీళ్లు పోయండి, చేతులు జాగ్రత్త. ఒక్క మంచం కాదు, రూము మొత్తం ఒకే రోజు చేయాలె. పది మంది ఉన్న రూములో ఒక్కడు చేస్తే ఏం లాభం లేదు.

ఇంకోటి వింటే మీకు నవ్వొస్తది. యూరప్‌లో బల్గేరియా, సెర్బియా దిక్కు పాతకాలం వాళ్లు రాత్రిపూట బీన్స్ ఆకులు నేల మీద పరిచి పండుకునేది. పొద్దున ఆకుల నిండ నల్లులు చిక్కుకొని ఉండేయి, ఊడ్చి కాల్చేసేటోళ్లు. 2013లో శాస్త్రవేత్తలు ఎందుకో చూసిన్రు: ఆ ఆకు మీది సన్న నూగు కొక్కేల లెక్క ఉంటది, నల్లి కాళ్లలో గుచ్చుకొని కదలనియ్యదు. విషం చుక్క లేదు, వట్టి కొక్కెం.

మన పని చెట్టు పక్కన, విషం పక్కన. గ్లౌజులు, మాస్కు అడగడం సిగ్గు కాదు. గాలికి ఎదురుగ మందు కొట్టకండి. డబ్బా మీద ఏం రాసి ఉన్నదో అరబ్బీ, ఇంగ్లిష్ రాకపోతే ఫోటో తీసి చదువొచ్చినోళ్లకు పంపండి. మాకు పంపినా సరే, మాకు తెలిసింది చెప్తం, తెలియనిది అడిగి చెప్తం. ఆ పక్క క్యాంపు తమ్ముడు మొన్న శుక్రవారం కలిసిండు. రూమోళ్లు అందరూ ఒప్పుకొని మూడు వారాలు వరుసగ వేడి నీళ్లు పోసిన్రట, ఇప్పుడు నిద్ర పడుతున్నదని చెప్పిండు.

మీ మజ్రాల్లో, మీ రూముల్లో ఏమేం చూసిన్రో కింద రాయండి. గోలీల ముచ్చట మాత్రం మీ రూము గ్రూపుల్లో తప్పకుండ పెట్టండి.